యంత్రమును మలచు చేతులు

యంత్రము మనిషి బ్రతుకును మార్చినదని చెప్పుకొనుట మనకు పరిపాటి. మనిషి యంత్రమును మార్చిన కథ చెప్పువారు తక్కువ. 1984లో ట్రెవర్ పించ్, వీబె బైకర్ అను సామాజిక శాస్త్రజ్ఞులు సైకిలు చరిత్రను ఈ దృష్టితోనే పరిశీలించిరి. ముందుచక్రము మనిషెత్తు ఉండిన పాతకాలపు సైకిలు సాహసికులైన యువకులకు వేడుక. స్త్రీలకు, వృద్ధులకు ప్రాణగండము. ఆ భయమును కూడ లెక్కలోనికి తీసికొన్న పిదపనే నేటి సైకిలుకు రూపు కుదిరెను.

ఇందుకు ఉదాహరణము మన కుప్పములోనే కలదు. 2002లో హ్యూలెట్-పాకార్డ్ సంస్థ ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వముతో కలిసి అచ్చట ‘ఐ-కమ్యూనిటీ’ అను ప్రయోగమును ఆరంభించెను. పల్లెల కొరకు కంప్యూటరు కేంద్రములు వెలసెను. అయినను, ఆ ప్రయోగములో ముందుగా తలచుకొనదగినది స్వయంసహాయక సంఘముల స్త్రీలు చేతబట్టిన డిజిటల్ కెమెరా. గుర్తింపు పత్రమునకు ఫొటో కావలెనన్న పల్లెవాసి బస్సెక్కి పట్టణమునకు పోవలెను. నాటి కూలి పోవును. ఈ స్త్రీలు ఊరిలోనే ఫొటో తీసి, అక్కడికక్కడే అచ్చువేసి ఇచ్చిరి. కరెంటును నమ్ముకొనరాని చోట ఎండయే దిక్కు గనుక, సౌరఫలకముతో నడచు అచ్చుయంత్రమును వీపున మోసికొనిపోవుటకు వీలుగా అమర్చవలసి వచ్చెను. ప్రయోగశాలకు పల్లె చెప్పిన పాఠమిది. ఫొటోగ్రాఫరనిన మగవాడేయను ఊరివారి లెక్క తప్పుట అదనపు లాభము!

పుంగనూరు కథ ఇందుకు భిన్నము. మూడడుగులకు అటునిటుగా ఎత్తుండు పుంగనూరు ఆవు మెట్టసీమ రైతులు తరతరములుగా నిలుపుకొన్న జాతి. కొద్దిపాటి మేతతో బ్రతుకును, చిక్కని పాలనిచ్చును. పాలెన్ని లీటర్లను ఒక్క కొలతతోనే ఆవును తూచిన సంకరజాతుల కాలములో అది క్షీణించి, పలమనేరు పరిశోధన కేంద్రములో కాపాడుకొనవలసిన స్థితికి వచ్చెను. ఇప్పుడు కోరి కొనువారు పెరిగిరి గాని, వారిలో పలువురికి అది పాడిపశువు కాదు, ముంగిటి ముచ్చట. మేత కరవైన రైతుకు ఆ ఆవు దేనికి పనికివచ్చెనో ఆనాడు అడిగియుండిన బాగుండెడిది.

మదనపల్లె టమాటా మార్కెట్టు పేరు దేశమెల్ల ఎరుగును. సంకర విత్తనములు, బిందుసేద్యము పంటను పెంచినవి. ధర కూలిన దినములలో ఆ పంటయే రోడ్డు ప్రక్కన కుప్పలుగా పడియుండును. కోత కూలియు, లారీ బాడుగయు రాని కాయను రైతు ఇంటికి తీసికొనిపోయి ఏమి చేసికొనును? విత్తనమునకు జరిగినంత పరిశోధన నిలువకు, రవాణాకు జరుగలేదు. కొత్త రకము వచ్చినప్పుడెల్ల ఎకరమునకు ఎన్ని పెట్టెలని అడుగువారే గాని, మార్కెట్టునుండి తిరిగివచ్చు రైతు చేతిలో ఎంత మిగిలినదని అడుగువారు అరుదు.