మైదానం దాకా చేరేదెవరు?

'పరుగెత్తి పాలు తాగేకంటే నిలబడి నీళ్ళు తాగడం మేలు' అన్నారు పెద్దలు. మన హాస్టల్లో ఆ సామెత చెల్లదు. ఇక్కడ పరుగెత్తకపోతే నీళ్ళు కూడా దొరకవు. తెల్లవారుజామున బకెట్ పట్టుకుని బోరింగు దగ్గరికి, బెల్లు కొట్టగానే ప్లేటు పట్టుకుని మెస్‌కి, ఆలస్యమైతే బడికి... అన్నిటికీ పరుగే. ఇంతమంది పరుగెత్తేవాళ్ళం ఉన్నాం కదా, మరి జిల్లా జట్టులో, యూనివర్సిటీ జట్టులో మనవాళ్ళు ఎందుకంత తక్కువగా కనిపిస్తారు?

ఈ ప్రశ్న మమ్మల్ని చాలాకాలంగా వదలడం లేదు. ఈ హాస్టల్ అన్నం తిని, మా ఇళ్ళలో మొదటిసారి డిగ్రీ చేతపట్టుకుని, ఇప్పుడు పి.జి. చదువుతున్న మేము, ఆటగాళ్ళను ఎక్కడ, ఎలా ఎంపిక చేస్తారో తెలుసుకున్నంతవరకు ఈ వార్షికోత్సవ సంచికలో తమ్ముళ్ళకు చెప్పదలిచాము. మాకు ఈ సంగతులు పదేళ్ళు ఆలస్యంగా తెలిశాయి. మీకు అలా కాకూడదు.

చర్ల నుంచి ఎవరెస్టు దాకా

2014 మే 25. మాలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనంద్‌కుమార్ అనే ఇద్దరు గురుకుల విద్యార్థులు ఎవరెస్టు శిఖరం మీద నిలబడిన రోజు. పూర్ణ నిజామాబాద్ జిల్లా అమ్మాయి. అప్పటికి ఆమెకు 14 ఏళ్ళు నిండలేదు. ఆనంద్ మన చర్ల మండలంవాడు. తండ్రి సైకిళ్ళు బాగుచేసేవారు. ఆ రోజుల్లో మేము వేసవి సెలవులకు ఇళ్ళకు వెళ్ళి తునికాకు కట్టలు కడుతున్నాము. 'మన చర్ల పిల్లవాడేనట' అని కల్లం దగ్గర పెద్దవాళ్ళు చెప్పుకుంటుంటే విని మురిసిపోయాము. కానీ అతన్ని ఎలా ఎంచుకున్నారని మాలో ఒక్కరం కూడా అడగలేదు.

ఆ ఎంపిక ఇలా జరిగింది. సాంఘిక సంక్షేమ గురుకులాల నుంచి మొదట వందమందికి పైగా పిల్లల్ని పిలిచారు. భువనగిరి గుట్ట మీద రాళ్ళెక్కే శిక్షణ ఇచ్చారు. అందులో నిలిచిన 20 మందిని డార్జిలింగ్‌లోని హిమాలయన్ మౌంటెనీరింగ్ ఇన్‌స్టిట్యూట్‌కు పంపారు. అక్కడ మళ్ళీ వడపోత. తర్వాత లడఖ్ చలిలో పరీక్ష. చివరికి మిగిలినవాళ్ళు ఇద్దరు. నేపాల్ వైపు నుంచి 16 ఏళ్ళలోపు వారిని ఎక్కనివ్వరు కనుక టిబెట్ వైపు నుంచి ఎక్కించారు.

ఇందులో రెండు విషయాలు గమనించండి. కొండలెక్కిన అనుభవం ఉందా అని ఎవరూ మొదట అడగలేదు. ఒక్కరోజు చూసి ఎవరినీ తేల్చెయ్యలేదు. వెతికేవాళ్ళు బడి దాకా వచ్చారు, నెలల తరబడి చూశారు. 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో హెప్టథ్లాన్ కాంస్యం తెచ్చిన అగసర నందిని కూడా టీ అమ్ముకునే ఇంటి బిడ్డ, సాంఘిక సంక్షేమ గురుకుల విద్యార్థిని. 2024 పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్ల కాంస్యం గెలిచిన జీవాంజి దీప్తిది వరంగల్ జిల్లా కల్లెడ. ఆమె పరుగును మొదట పసిగట్టింది బడిలోని వ్యాయామ ఉపాధ్యాయుడే. ప్రతిభ ఉంటే చాలదు, దాన్ని చూసే కన్ను ఒకటి దగ్గరలో ఉండాలి.

తొమ్మిది పరీక్షలు

1993లో హైదరాబాద్ దగ్గర హకీంపేటలో ప్రభుత్వ క్రీడా పాఠశాల పెట్టారు. తర్వాత కరీంనగర్, ఆదిలాబాద్‌లలోనూ వచ్చాయి. 4వ తరగతిలో చేర్చుకుంటారు. మండలం, జిల్లా, రాష్ట్రం అని మూడు మెట్లు దాటాలి. గిరిజన పిల్లలకైతే మన పాల్వంచ మండలం కిన్నెరసానిలోనే క్రీడా పాఠశాల ఉంది.

హకీంపేట ఎంపికలో ఏ ఆట వచ్చని అడగరు. శరీరాన్ని కొలుస్తారు. ఎత్తు, బరువు చూస్తారు. 30 మీటర్ల ఫ్లయింగ్ స్టార్ట్‌తో వేగం, 800 మీటర్ల పరుగుతో దమ్ము తెలుస్తాయి. 10 మీటర్ల దూరాన్ని 6 సార్లు ఉరికే షటిల్ రన్‌తో చురుకుదనం తెలుస్తుంది. నిలబడిన చోటు నుంచి ముందుకు దూకడం, నిటారుగా పైకి ఎగరడం కాళ్ళ బలానికి. మెడిసిన్ బాల్ విసరడం చేతులకు, భుజాలకు. నడుము వంచి చేతులు ఎంత దూరం చాచగలమన్నది ఒళ్ళు ఎంత సాగుతుందో చెబుతుంది.

పరీక్షలు చిన్నవే. కానీ తెలిసినవాడికి, తెలియనివాడికి తేడా వస్తుంది. ఫ్లయింగ్ స్టార్ట్‌లో గీత దాటాకనే గడియారం నొక్కుతారు. తెలిసిన పిల్లవాడు గీతకు బాగా వెనక నుంచి ఉరికి, గీత దగ్గరికి వచ్చేసరికి పూర్తి వేగంలో ఉంటాడు. తెలియనివాడు గీత మీద నిలబడి అప్పుడు మొదలుపెడతాడు. 800 మీటర్లలో మనవాళ్ళు మొదటి చుట్టులోనే ప్రాణం పెట్టి ఉరుకుతారు, రెండో చుట్టులో ఆయాసంతో నడుస్తారు. షటిల్ రన్‌లో గెలుపంతా మలుపు దగ్గర ఉంటుంది. ఒంగి, కాలు నిలదొక్కుకుని తిరగాలి. ఇవన్నీ వారం రోజుల్లో నేర్పగలిగినవే. మాకు నేర్పినవాళ్ళు లేరు.

కొలత ఏమి కొలుస్తుంది?

ఇంకో సంగతి. 1985లో కెనడాలో రోజర్ బార్న్‌స్లీ అనే పరిశోధకుడు, ఆయన సహచరులు ఐస్ హాకీ ఆటగాళ్ళ పుట్టిన తేదీలు చూశారు. సంవత్సరం మొదటి మూడు నెలల్లో పుట్టినవాళ్ళే ఎక్కువగా ఉన్నారు. కారణం జాతకం కాదు. అక్కడ పిల్లల వయసు లెక్క జనవరి 1తో మొదలవుతుంది. జనవరిలో పుట్టినవాడు, డిసెంబరులో పుట్టినవాడు ఒకే గుంపులో ఆడతారు. పదేళ్ళ వయసులో పదకొండు నెలల తేడా అంటే చాలా. పెద్దవాడు బలంగా కనిపిస్తాడు, ఎంపికవుతాడు. మంచి కోచ్ దొరుకుతాడు, నిజంగానే మంచి ఆటగాడవుతాడు. మొదట కొలిచింది ప్రతిభను కాదు, పుట్టిన నెలను!

మన దగ్గర దీనికి తిండి కూడా తోడవుతుంది. పోడు చేసుకునే ఇంటి పిల్లవాడు, గంజి తాగి పెరిగిన పిల్లవాడు తొమ్మిదేళ్ళకు పొట్టిగానే ఉంటాడు. ఎత్తు, బరువు కొలిచే టేపుకు, కాటాకు ఆ సంగతి తెలియదు. కనుక 4వ తరగతిలో ఎంపిక కానివాడు పనికిరానివాడని అర్థం కాదు. అతని శరీరానికి ఇంకా సమయం రాలేదని మాత్రమే అర్థం.

మా మిత్రుడి సంగతి

మా గదిలో ఒక మిత్రుడు ఉండేవాడు. చెప్పులు లేకుండా ఉరికితే మేమెవరం అందుకోలేకపోయేవాళ్ళం. ఎనిమిదో తరగతిలో ఒక ఎంపికకు వెళ్ళాడు. మేము నలుగురం రూపాయి, రెండు రూపాయలు వేసుకుని బస్సు చార్జీ ఇచ్చాము. సాయంత్రానికల్లా తిరిగి వచ్చాడు. పరుగులో ఓడిపోయి కాదు. బడి రికార్డులో ఒక పుట్టిన తేదీ, ఆధార్ కార్డులో ఇంకొకటి ఉన్నాయట. గీత దగ్గరికే రానివ్వలేదు.

మన ఊళ్ళలో ఇది కొత్త కాదు. బడిలో చేర్చేటప్పుడు తల్లిదండ్రులకు తేదీ తెలియక, పంతులుగారు జూన్ నెలలో ఏదో ఒకటి రాసేస్తారు. మన హాస్టల్లో ఎంతమంది పుట్టినరోజులు జూన్‌లో వస్తాయో లెక్కపెట్టి చూడండి, నవ్వొస్తుంది. ఎంపిక చేసేవాళ్ళ వైపు నుంచీ చూడాలి. వయసు తగ్గించి ఆడించే మోసం మన దేశంలో ఎక్కువ. క్రికెట్‌లో మణికట్టు ఎక్స్‌రే తీసి ఎముకల వయసు చూడవలసిన పరిస్థితి వచ్చింది. నిబంధన తప్పు కాదు. కానీ మోసగాడిని ఆపడానికి వేసిన కంచె మా మిత్రుణ్ణి ఆపింది.

అమెరికాలో తీరు వేరు

అమెరికాలో విశ్వవిద్యాలయాల ఫుట్‌బాల్ పెద్ద వ్యవహారం. అది మనం కాలితో తన్నే ఆట కాదు, కోడిగుడ్డు ఆకారపు బంతిని చేతపట్టుకుని ఆడేది. అక్కడ కోచ్‌లే హైస్కూలు పిల్లల కోసం వెతుక్కుంటూ వెళతారు. ఆటల వీడియోలు చూస్తారు. పిల్లలకు 5 వరకు నక్షత్రాలు ఇచ్చి వరుస కట్టేవాళ్ళు వేరే ఉన్నారు. నచ్చిన కుర్రవాడి ఇంటికి పెద్ద కోచ్ స్వయంగా వెళ్ళి తల్లిదండ్రులతో మాట్లాడతాడు. విశ్వవిద్యాలయం తన ఖర్చుతో పిలిపించి చూపిస్తుంది. ఎప్పుడు కలవవచ్చో, ఎప్పుడు కలవకూడదో నియమాలు ఉన్నాయి. పెద్ద జట్లకు 2024 వరకు 85 స్కాలర్‌షిప్పుల పరిమితి ఉండేది. 2025 నుంచి దాని బదులు జట్టులో 105 మంది అనే పరిమితి పెట్టారు.

అయితే అంత ఆట ఉన్నవాడికీ చదువు తప్పదు. పెద్ద స్థాయిలో ఆడాలంటే హైస్కూల్లో 16 ముఖ్యమైన కోర్సులు పూర్తిచేసి, 4కు కనీసం 2.3 సగటు తెచ్చుకోవాలి. ఎందుకంటే కాలేజీలో ఆడినవాళ్ళలో వృత్తి ఆటగాళ్ళయ్యేది నూటికి ఇద్దరు కూడా లేరు. మిగతావాళ్ళను నిలబెట్టేది డిగ్రీయే.

మన విశ్వవిద్యాలయంలో

మన దగ్గర కోచ్ ఇంటికి రాడు. మనమే వెళ్ళాలి. ఖమ్మం వైపు డిగ్రీ కాలేజీలకు వరంగల్ కాకతీయ విశ్వవిద్యాలయం ఉంది. కాలేజీల మధ్య పోటీలు పెడతారు. అందులో బాగా ఆడినవాళ్ళను ఎంపిక చేసి, శిబిరంలో శిక్షణ ఇచ్చి, దక్షిణ మండల అంతర విశ్వవిద్యాలయ పోటీలకు పంపుతారు. 17 నుంచి 25 ఏళ్ళ లోపువారు అర్హులు. ఆ కబురు నోటీసు బోర్డు మీద ఒక కాగితంగా వస్తుంది. మేము డిగ్రీ మొదటి సంవత్సరంలో ఆ బోర్డు వైపు స్కాలర్‌షిప్ జాబితా కోసం తప్ప చూడలేదు.

ఆ ఆటకు విలువ ఉంది. ఇంజనీరింగ్ వంటి కోర్సుల ప్రవేశాల్లో క్రీడాకారులకు 0.5 శాతం సీట్లు ఉన్నాయి. ఉద్యోగాల్లో క్రీడా కోటాకు ఫారం-1 అంతర్జాతీయ, ఫారం-2 జాతీయ, ఫారం-3 అంతర విశ్వవిద్యాలయ, ఫారం-4 జాతీయ పాఠశాల క్రీడలకు సంబంధించినవి. ఖేలో ఇండియాలో ఎంపికైన క్రీడాకారుడికి నెలకు 10,000 రూపాయల చేతిఖర్చు కూడా ఇస్తారు.

తమ్ముళ్ళకు నాలుగు మాటలు

ఒకటి, పుట్టిన తేదీ బడి రికార్డులో, ఆధార్‌లో, కుల ధ్రువపత్రంలో ఒకటే ఉందో లేదో ఈ సెలవుల్లోనే చూసుకోండి. తేడా ఉంటే వార్డెన్ సార్‌కు ఇప్పుడే చెప్పండి.

రెండు, మీ పరుగు, మీ దూకుడు కొలిచి నోటుబుక్కులో తేదీతో రాసుకోండి. పి.ఇ.టి. సార్‌కు చూపించండి. చూసే కన్ను లేనిచోట కాగితమే కన్ను.

మూడు, అండర్-14లో తప్పిపోతే అండర్-17 ఉంది, అండర్-19 ఉంది, తర్వాత యూనివర్సిటీ ఉంది. ఒక ఓటమితో బూట్లు అటక మీద పెట్టకండి.

నాలుగు, పుస్తకం వదలకండి.

పూర్వ విద్యార్థులకు ఒక మనవి. చందా ఇచ్చి, శాలువా కప్పించుకుని వెళ్ళిపోకండి. ఎంపికల రోజున ఒక పిల్లవాడిని వెంట తీసుకుని వెళ్ళండి. బస్సు చార్జీ, ఒక పూట భోజనం, కాగితాలు చూపించేటప్పుడు పక్కన ఒక పెద్దమనిషి. మా మిత్రుడికి ఆ రోజు లేనివి ఈ మూడే.

అతను ఇప్పుడు ఆటో నడుపుతున్నాడు. ఆదివారం సాయంత్రాలు మన హాస్టల్ వెనక ఖాళీ స్థలంలో తాడుతో 30 మీటర్లు కొలిచి, సున్నంతో గీతలు గీస్తున్నాడు. గీత మీద నిలబడిన చిన్నపిల్లలకు అతను మొదట చెప్పే మాట ఒకటే. 'ఇంకా వెనక్కి పోరా, అక్కడినుంచి ఉరుకు!'