ఇంటర్‌లో ఎథిక్స్ పేపర్‌ని లైట్ తీసుకుంటున్నారా? మార్కులు కలవవు.. కానీ పాస్ కాకపోతే సర్టిఫికెట్ రాదు!

ఇంటర్ ఫస్టియర్ అనగానే ఎంపీసీ, బైపీసీ గొడవే. బందరులోనైనా, గుడివాడలోనైనా, దివిసీమలో అవనిగడ్డ, నాగాయలంక ఇళ్లలోనైనా ఇదే మాట. ఈ హడావుడిలో ఎవరూ పెద్దగా పట్టించుకోని పేపర్ ఒకటి ఉంది. అదే ‘నైతికత, మానవ విలువలు’. పిల్లలు మాత్రం ముద్దుగా ‘ఎథిక్స్’ అంటారు. పరీక్ష ముందు రోజు రాత్రి చూసుకుంటే చాలనుకునే ఈ పేపర్ వెనుక పెద్ద కథే ఉంది.

ఏంటీ పేపర్?

ఏపీ ఇంటర్ బోర్డు ఫస్టియర్ విద్యార్థులకు మెయిన్ పరీక్షల కంటే ముందే ఈ పరీక్ష పెడుతుంది. దీంతో పాటే పర్యావరణ విద్య పేపర్ కూడా ఉంటుంది. రెండూ క్వాలిఫైయింగ్ పేపర్లే. అంటే ఇందులో వచ్చిన మార్కులు టోటల్‌లో కలవవు. అలాగని వదిలేస్తే మాత్రం చిక్కే. మిగతా సబ్జెక్టుల్లో ఎన్ని మార్కులొచ్చినా, ఇవి పాస్ కాకపోతే ఇంటర్ పాస్ సర్టిఫికెట్ చేతికి రాదు.

కాలేజీలో మతం గురించి చెప్పొచ్చా?

చాలామంది తల్లిదండ్రులకు ఉండే డౌట్ ఇదే. రాజ్యాంగంలోని 28వ అధికరణ దీనికి జవాబు చెబుతుంది. పూర్తిగా ప్రభుత్వ నిధులతో నడిచే విద్యాసంస్థల్లో మత బోధన చేయకూడదు. ప్రభుత్వ గుర్తింపు లేదా సాయం ఉన్న సంస్థల్లో అయితే, మైనర్ విద్యార్థిని మత బోధనకు కూర్చోబెట్టాలంటే సంరక్షకుల అనుమతి ఉండాలి.

మరి అన్ని మతాలు ఏం చెబుతున్నాయో తెలుసుకోవడం? అది వేరు. 2002లో అరుణా రాయ్ కేసులో సుప్రీంకోర్టు ఈ తేడానే చెప్పింది. మతాల గురించి చదవడం, మతాన్ని బోధించడం ఒకటి కాదని తేల్చింది.

బందరుకు ఈ చర్చ కొత్త కాదు

1843లో మిషనరీ రాబర్ట్ నోబుల్ బందరులో ఇంగ్లిష్ స్కూల్ తెరిచారు. అదే తర్వాత నోబుల్ కాలేజీ అయింది. అక్కడ చదువుతో పాటు బైబిల్ పాఠం కూడా ఉండేది. 1852లో ఇద్దరు విద్యార్థులు క్రైస్తవంలోకి మారడంతో ఊళ్లో దుమారం రేగింది. తల్లిదండ్రులు పిల్లల్ని స్కూల్ మాన్పించేశారు.

ఆ తర్వాత సీన్ రివర్స్. ఇదే ఊళ్లో హిందూ కాలేజీలో బోటనీ చెప్పిన గోరా, అంటే గోపరాజు రామచంద్రరావు, నాస్తిక భావాల వల్ల ఉద్యోగానికి దూరమయ్యారు. 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టారు. 1947లో అది విజయవాడకు మారింది. గుడివాడ పక్కనే ఉన్న అంగలూరు.. హేతువాద కవి త్రిపురనేని రామస్వామి చౌదరి పుట్టిన ఊరు.

అంటే ఒకే ఊళ్లో దేవుడి పాఠం చెప్పినందుకూ గొడవైంది, దేవుడు లేడన్నందుకూ గొడవైంది. రెండు వైపుల వాదనా కూర్చుని వినే క్లాస్ మాత్రం పిల్లలకు దొరకలేదు.

బయట ఎలా ఉంది?

ఫ్రాన్స్‌లో స్కూల్ ఆఖరి ఏడాదిలో ఫిలాసఫీ చదవాల్సిందే. బాకలోరియా పరీక్షలో ఆ పేపర్ నాలుగు గంటలు రాస్తారు. ఇంగ్లండ్‌లో ఏ-లెవెల్‌లో రెలిజియస్ స్టడీస్ తీసుకుంటే మతం, తత్వశాస్త్రం, నీతిశాస్త్రం మూడూ వస్తాయి. ‘దేవుడు మంచివాడైతే లోకంలో ఇంత కష్టం ఎందుకు?’ అనేది అక్కడ రెగ్యులర్ టాపిక్.

ఆ ప్రశ్న దివిసీమకు ఎవరూ నేర్పక్కర్లేదు. 1977 నవంబర్ 19న వచ్చిన ఉప్పెన వేలమందిని మింగేసింది. ఆనాడు సాయానికి మత సంస్థలూ వచ్చాయి, నాస్తిక కేంద్రం వాళ్లూ వచ్చారు. మంచి చేయడానికి భక్తి కావాలా, అక్కర్లేదా? తాతయ్యనో అమ్మమ్మనో అడిగితే చాలు, ఎథిక్స్ క్లాస్ ఇంట్లోనే మొదలవుతుంది.

మన ఇంటర్‌లోనూ దారి ఉంది

ఇంటర్ ఆర్ట్స్ సబ్జెక్టుల్లో లాజిక్, అంటే తర్కశాస్త్రం కూడా ఉంది. కాకపోతే ఎంపీసీ, బైపీసీ జోరులో దాని పేరు విన్నవాళ్లే తక్కువ. ఘంటసాలలో బౌద్ధ స్తూపం, మోపిదేవిలో సుబ్రహ్మణ్యేశ్వరస్వామి గుడి, బందరులో చర్చిలు, మసీదులు.. ఇవన్నీ బస్సు దూరంలోనే ఉన్నాయి. ఒక్కరోజు తిప్పి చూపిస్తే పుస్తకంలో ఉన్న ‘పరమత సహనం’ అనే మాటకు అర్థం తెలుస్తుంది.

విద్యార్థులు ఇది మర్చిపోవద్దు

ఎథిక్స్, పర్యావరణ విద్య పరీక్షల తేదీలు మెయిన్ టైమ్‌టేబుల్‌తో పాటే వస్తాయి. వాటిని విడిగా రాసి పెట్టుకోండి. ఫస్టియర్‌లో మిస్సయినా, తప్పినా వెంటనే కాలేజీలో అడిగి మళ్లీ ఎప్పుడు రాయాలో కనుక్కోండి. సెకండియర్ అయిపోయాక సర్టిఫికెట్ కోసం తిరిగే పరిస్థితి తెచ్చుకోవద్దు. ఎలాగూ రాయాల్సిన పేపరే కాబట్టి.. బిట్లు బట్టీ పట్టే బదులు ఒక్క ప్రశ్న మీదైనా ఫ్రెండ్స్‌తో వాదించి చూడండి. గుర్తుండేది అదే!