పొరుగువాడి కట్టడం – మన కొట్టుకు నష్టం: బాధ్యత ఎవరిది?

చిన్న కొట్టు పక్కనే పెద్ద భవనానికి పునాది తవ్వుతారు. కొట్టు గోడ బీటలు వారుతుంది, సరుకు పాడవుతుంది, బేరం ఆగిపోతుంది. స్థల యజమానిని అడిగితే "కాంట్రాక్టరును అడగండి" అంటాడు. కాంట్రాక్టరేమో యజమానిని చూపిస్తాడు. మరి నష్టం ఎవరు భరించాలి?

ఈ ప్రశ్న ఇంగ్లండులో ఎప్పుడో వచ్చింది. లాంకషైర్‌లో రైలాండ్స్ అనే మిల్లు యజమాని కాంట్రాక్టర్ల చేత చెరువు కట్టించాడు. తవ్వకంలో పాత గని గోతులు బయటపడినా పనివారు వాటిని గట్టిగా పూడ్చలేదు. 1860 డిసెంబరులో చెరువు నీళ్లు ఆ గోతుల గుండా పారి పొరుగునున్న ఫ్లెచర్ బొగ్గు గనిని ముంచేశాయి. గోతుల సంగతి రైలాండ్స్‌కు తెలియదు. అయినా 1868లో హౌస్ ఆఫ్ లార్డ్స్ అతనే నష్టపరిహారం చెల్లించాలని తీర్పు చెప్పింది. ప్రమాదకరమైన దాన్ని తన లాభం కోసం తన భూమిలో చేర్చి ఉంచినవాడు, అది బయటపడి పొరుగువారికి చేసే హానికి బాధ్యుడు. దీన్నే 'కఠిన బాధ్యత' అంటారు.

అయితే ఈ సూత్రానికి హద్దులున్నాయి. మన చిత్తూరు జిల్లా కార్వేటినగరం జమీందారు చెరువులు భారీ వర్షాలకు తెగి మద్రాసు రైల్వే కంపెనీకి నష్టం కలిగింది. అవి ప్రజల సాగు కోసం అనాదిగా ఉన్న చెరువులు, జమీందారు అజాగ్రత్త కూడా లేదు. కనుక 1874లో ప్రీవీ కౌన్సిల్ అతనిపై బాధ్యత మోపలేదు.

ఇక పునాది విషయం. 1876లో బోవర్ – పీట్ అనే కేసులో, పక్క ఇంటికి ఆసరా పోకుండా చూస్తానని కాంట్రాక్టరు ఒప్పుకున్నా, ఇల్లు దెబ్బతిన్నందుకు పని చేయించిన యజమానే బాధ్యుడని ఇంగ్లండు కోర్టు తేల్చింది. కాంట్రాక్టరును చూపి తప్పించుకోవడం కుదరదన్నమాట. మన కోర్టులూ ఇలాంటి తీర్పులను పరిశీలిస్తాయి. మామూలు దుమ్ము, చప్పుడు మాత్రం కొన్నాళ్లు ఓర్చుకోవలసిందే. మితిమీరితేనే కేసు నిలుస్తుంది.

కాబట్టి తవ్వకం మొదలవగానే గోడల ఫోటోలు తేదీతో సహా తీసి ఉంచాలి. పగులు కనిపించిన వెంటనే యజమానికి రాతపూర్వకంగా తెలపాలి. రోజువారీ అమ్మకాల లెక్క, మరమ్మతు బిల్లులు దాచాలి. ప్రమాదం ముంచుకొస్తుంటే పని ఆపించమని సివిల్ కోర్టును కోరవచ్చు.

లాయరుకు డబ్బు లేదని వెనుకాడనక్కరలేదు. న్యాయ సేవాధికార సంస్థల చట్టం, 1987 ప్రకారం షెడ్యూల్డు కులాలు, తెగల వారికి, మహిళలకు, పిల్లలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం అందుతుంది. సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు ఈ ఒక్క సంగతైనా మన అమ్మానాన్నలకు, ఇరుగుపొరుగుకు చెబుదాం.