గాలివానయు వరిపైరును

1977వ సంవత్సరము నవంబరు 19వ తేదీన దివిసీమను ముంచిన ఉప్పెనను కృష్ణాతీరపు పెద్దలు నేటికిని మఱవలేదు. సుమారు 10,000 మంది ప్రాణములు గోల్పోయిరి. కోతకు సిద్ధమగుచున్న వరిచేలు ఉప్పునీటి పాలయ్యెను. గాలివానను ఆపుట మానవసాధ్యము గాదు. అయినను దానివలన గలుగు నష్టమంతయు తప్పనిది గాదని మా విద్యార్థులు గ్రహించుటకై ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

మన డెల్టాలలో సార్వా వరి కార్తిక మార్గశిరములలో పండును. బంగాళాఖాతమున గాలివానలు పుట్టు కాలమును అదియే. కావున రైతు నెలల తరబడి పడిన శ్రమ చేతికందు వేళకే ఆపదలో పడుచున్నది.

ముందుగా చేయవలసినది మురుగుకాలువల బాగు. కాలువలో గుఱ్ఱపుడెక్క పెరిగి పూడిపోయినచో, ఒకనాటి వాననీరు చేనిలో దినముల తరబడి నిలుచును. తన గట్టును తాను బాగుచేసికొన్నంత మాత్రమున చాలదు. దిగువవాని బోదె పూడియున్నచో ఎగువవాని చేను మునుగును. కనుక ఇది గ్రామస్థులందఱును కలసి వేసవిలోనే చేయవలసిన పని.

రెండవది విత్తనపు ఎంపిక. మారుటేరు పరిశోధనస్థానమునుండి 1982లో వెలువడిన స్వర్ణ అను వరికి మునకను తట్టుకొను గుణమును చేర్చి, 2009లో స్వర్ణ సబ్-1 అను రకమును విడుదల చేసిరి. ఇది సుమారు రెండు వారముల వఱకు నీట మునిగియుండియు, నీరు తీసిన పిమ్మట మరల చిగుర్చును. అయితే ఈ గుణము లేతపైరునకే గాని పండిన చేనికి అక్కఱకు రాదు.

పండిన చేనికి రైతు మెలకువయే రక్ష. హెచ్చరిక విన్నతోడనే కోసియున్న పనలను కుప్ప వేయవలెను. కోయని చేనిని తొందరపడి కోసి పఱచుట తగదు. నిలిచిన పైరుకంటె పఱచిన పనలకే హాని హెచ్చు. వాన వెలిసినతోడనే నీటిని తీసివేసి, లీటరు నీటికి 50 గ్రాముల ఉప్పు కరగించి, పడిపోయిన పైరు వెన్నులపై పిచికారీ చేయవలెను. తడిసిన గింజ నీటిని పీల్చుకొని మొలకెత్తును. ఉప్పు ఆ పీల్చుకొనుటను అడ్డగించును. మొలక కనబడిన పిమ్మట చల్లియు ప్రయోజనము లేదు.

సముద్రపు నీరెక్కిన చేనికి చికిత్స వేఱు. మంచినీరు నిలువగట్టుచు, తీసివేయుచు, ఉప్పును పలుమారులు కడుగవలెను. పిమ్మట జీలుగ చల్లి, పెరిగినప్పుడు కలియదున్నవలెను.

ఐగుప్తులో యోసేపు ధాన్యమును కూర్చినది సమృద్ధిగల ఏడు సంవత్సరములలోనే గాని కఱవు వచ్చిన పిమ్మట గాదు. నేడు వాతావరణ శాఖవారి హెచ్చరికలు కొన్ని దినములు ముందుగనే రేడియోలకును చేతిఫోనులకును అందుచున్నవి. వానిని చదివి, తల్లిదండ్రులకు అర్థము చెప్పుట చదువుకొన్న పిల్లల ధర్మము. దేవుడు మన చేలను కాపాడుగాక; మన పనిని మనము సకాలమున చేయుదము గాక.