చిన్ననాటి దెబ్బలు – పెద్దయ్యాక మన మీద మనకే కోపం

షుగరు పెరిగిందని చెప్పగానే కొందరు రోగులు "నేనెందుకూ పనికిరాను సిస్టర్, నాకిలాగే కావాలి" అంటారు. పక్క మంచంలోని వారికి పెరిగితే మాత్రం వీరే "ఫరవాలేదమ్మా, తగ్గుతుందిలే" అని ధైర్యం చెబుతారు. ఎదుటివారి మీద చూపే దయ తమ మీద తాము ఎందుకు చూపుకోలేరు? చాలామందిలో దీనికి మూలం బాల్యంలో ఉంటుంది.

బాల్యంలో హింస అంటే కొట్టడం ఒక్కటే కాదు. అస్తమానం తిట్టడం, నలుగురిలో అవమానించడం, తిండి, చదువు, వైద్యం పట్టించుకోకపోవడం, లైంగికంగా వేధించడం కూడా హింసే. కేంద్ర ప్రభుత్వం 2007లో వెలువరించిన అధ్యయనంలో ఆంధ్రప్రదేశ్‌తో సహా 13 రాష్ట్రాలకు చెందిన 12,447 మంది పిల్లలను ప్రశ్నించారు. ప్రతి ముగ్గురిలో ఇద్దరు దెబ్బలు తిన్నవారే.

ఇది మనసులో ఎలా నాటుకుంటుంది?

పసిబిడ్డకు పెంచేవారే ఆధారం. వారిదే తప్పు అనుకుంటే ఆ బిడ్డకు దిక్కు ఉండదు. అందుకే "తప్పు నాదే, నేనే చెడ్డదాన్ని" అనుకుంటుంది. విన్న తిట్లు క్రమంగా తన సొంత మాటలవుతాయి. తిట్టినవారు చనిపోయినా ఆ గొంతు లోపల వినిపిస్తూనే ఉంటుంది. తనను ఎవరూ ఓదార్చని బిడ్డకు తనను తాను ఓదార్చుకోవడం తెలియదు. ముద్దు చేసిన చేతులే కొట్టి ఉంటే, పెద్దయ్యాక ఎవరైనా ప్రేమగా మాట్లాడినా భయమే వేస్తుంది.

దీనివల్ల ఆరోగ్యానికి నష్టం ఉంది. ఇటువంటివారిలో దిగులు, ఆందోళన ఎక్కువగా కనిపిస్తాయి. మందులు మానేసిన సంగతి దాచిపెడతారు. తిడతారేమోనని చెకప్‌కు రారు. జబ్బు ముదిరాక వస్తారు.

తన మీద తనకు దయ అంటే ఏమిటి?

అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త క్రిస్టిన్ నెఫ్ 2003లో దీనిని మూడు భాగాలుగా వివరించారు. తనతో తాను మృదువుగా ఉండటం, తప్పులూ బాధలూ అందరికీ ఉంటాయని గుర్తించడం, బాధను అణచిపెట్టకుండా, అందులో మునిగిపోకుండా ఉన్నది ఉన్నట్టు చూడటం. ఇది తప్పును కప్పిపుచ్చుకోవడం కాదు. "మందు మరిచాను, రేపటి నుంచి భోజనం పళ్లెం పక్కనే పెట్టుకుంటాను" అనేవారు, తమను తాము తిట్టుకునేవారి కంటే త్వరగా దారిలో పడతారు.

ఏమి చేయాలి?

• లోపలి గొంతు తిట్టినప్పుడు, ఇదే కష్టం మీ చెల్లెలికి వస్తే ఏమంటారో ఆలోచించి, ఆ మాటే మీకు మీరు చెప్పుకోండి.
• మొదట్లో ఇది కృత్రిమంగా అనిపిస్తుంది, ఏడుపు కూడా రావచ్చు. కొద్దికొద్దిగా అలవాటు చేసుకోండి.
• నమ్మకమైన ఒక్కరితోనైనా చెప్పుకోండి. చిన్నప్పుడు మీకు జరిగినదానికి మీరు బాధ్యులు కారు.
• దెబ్బలు తిని పెరిగినవారందరూ తమ పిల్లలను కొట్టరు. బిడ్డ తప్పు చేస్తే చేసిన పనిని సరిదిద్దండి, "నువ్వే చెడ్డవాడివి" అనవద్దు.

నిద్ర పట్టకపోయినా, దిగులు రెండు వారాలు దాటినా డాక్టరుగారిని కలవండి. చనిపోవాలనిపిస్తే ఒక్క రోజు కూడా ఆగవద్దు. టెలీ మానస్ 14416కు ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు. ఏ బిడ్డయినా హింసకు గురవుతున్నట్టు తెలిస్తే 1098కు చెప్పండి.