జైలు నుంచి వచ్చి... ఇళ్లు కడుతున్నారు!

జైలు నుంచి బయటికొచ్చిన కుర్రాడికి పనెవరిస్తారు? దరఖాస్తులో 'నేరచరిత్ర ఉందా?' అన్న ఒక్క గడి చాలు, అవకాశం చేజారిపోవడానికి. అమెరికాలో అలాంటివాళ్లెందరికో సుత్తీ రంపం చేతికిచ్చి, పనివాళ్లుగా తీర్చిదిద్దుతోంది 'యూత్‌బిల్డ్' పథకం.

దీని కథ 1978లో న్యూయార్క్‌లోని ఈస్ట్ హార్లెమ్‌లో మొదలైంది. 'పెద్దవాళ్లు అండగా ఉంటే మీ పేటకి ఏం చేస్తారు?' అని అక్కడి కుర్రాళ్లను అడిగారు టీచరుగా పనిచేసిన డొరొతీ స్టోన్‌మన్. పాడుబడ్డ ఇళ్లు బాగుచేస్తామన్నారు వాళ్లు. అన్నట్టే ఓ శిథిల భవనాన్ని నివాసయోగ్యంగా మార్చారు. 1992లో ప్రభుత్వం చట్టం చేసి నిధులివ్వడంతో పథకం దేశమంతా విస్తరించింది.

చేరేది 16-24 ఏళ్లవారు. చదువు మానేసినవారు, కేసుల్లో ఇరుక్కున్నవారు, శిక్ష ముగించుకుని వచ్చినవారు. కొంతసేపు తరగతిలో హైస్కూలుకు సమానమైన పరీక్షకు చదువుతారు. మిగతా సమయం వడ్రంగం లాంటి నిర్మాణ పనులు. చేతిఖర్చుకు భృతి. కట్టిన ఇళ్లు పేదలకూ నిలువనీడ లేనివారికీ. అలా శిక్షణా సేవా ఒక్కటే అవుతాయి. ఎవర్ని చూసి వీధి తలుపులేసుకుందో, ఆ కుర్రాడే అదే వీధిలో కొత్తింటికి తలుపులు బిగిస్తాడు!

అన్నీ విజయాలే అనలేం. 2018లో వెలువడిన అధ్యయనం ప్రకారం, ఈ పథకం వల్ల పరీక్ష గట్టెక్కినవారూ కాలేజీలో చేరినవారూ పెరిగారు. సంపాదనా కాస్త మెరుగైంది. మళ్లీ కేసుల్లో పడటంలో మాత్రం పెద్ద తేడా కనిపించలేదు.

'ఇల్లు కట్టి చూడు' అన్నారు మనవాళ్లు. వీళ్లు కట్టి చూపించారు. ఇక కావాల్సింది... ఆ ఒక్క గడి దగ్గరే ఆగిపోకుండా పని చూసి కొలువిచ్చే యజమానులే!