బడి గోడకు వంద గజాలు... కొలిచేదెవరు?

ఒంగోలు: ఇంటర్వెల్ బెల్లు కొట్టగానే హైస్కూలు పిల్లలు గేటు దాటి ఎదురుగా ఉన్న బడ్డీ కొట్టు దగ్గర మూగుతారు. సీసాల్లో చాక్లెట్లు, వేరుశనగ ఉండలు ఉంటాయి. వాటి పైన తోరణాలు కట్టినట్టు పొగాకు పొట్లాలు వేలాడుతుంటాయి. ఓ మూల సిగరెట్టు పెట్టెలు, బీడీ కట్టలు. రూపాయి చాక్లెట్టు కోసం చెయ్యి చాచిన పిల్లవాడి కళ్లెదుట మొదట కనిపించేది ఆ తోరణమే. పల్లెల్లో ఇది ఎవరికీ వింతగా తోచని దృశ్యం.

కాని చట్టం ప్రకారం ఆ కొట్టు అక్కడ పొగాకు అమ్మరాదు. 2003లో పార్లమెంటు చేసిన పొగాకు ఉత్పత్తుల చట్టం ఆరవ సెక్షను రెండు సంగతులు చెబుతున్నది. పద్దెనిమిదేళ్లు నిండనివారికి పొగాకు అమ్మకూడదు. విద్యాసంస్థకు వంద గజాల లోపల ఎవరికీ అమ్మకూడదు. వంద గజాలంటే మూడు వందల అడుగులు. ఈ దూరాన్ని బడి ప్రహరీ గోడ నుండి, గోడ లేకుంటే కంచె నుండి, అన్ని వైపులకూ కొలవాలి. గేటు నుండి దారి వెంట నడిచి కొలిస్తే చెల్లదు. మా కొట్టు వెనక వీధిలో ఉన్నదని తప్పించుకోజూసే వారికి ఈ సంగతి తెలియాలి.

ఇంతకూ ఈ చట్టాన్ని అమలు జరపవలసినదెవరు? పోలీసులని చాలామంది అనుకుంటారు. ఎస్.ఐ.కి అధికారం ఉన్న మాట నిజమే. అయితే ఆరవ సెక్షను కింద చర్య తీసుకోగల వారి జాబితాలో బడి హెడ్మాస్టరూ ఉన్నారు, సర్పంచి వంటి పంచాయతీరాజ్ ప్రతినిధులూ ఉన్నారు. అంటే పని ఊళ్లోనే ఉన్నది, అధికారమూ ఊళ్లోనే ఉన్నది. పైపెచ్చు పంచాయతీ రోడ్డు మార్జిన్‌లో పెట్టిన బడ్డీని తొలగించే హక్కు పంచాయతీకి వేరే చట్టం కిందా ఉండనే ఉన్నది.

ఓటూ, చుట్టరికమూ

అయినా కదలిక లేకపోవడానికి కారణం ఊళ్లవారికి తెలియనిది కాదు. కొట్టు పెట్టినవాడు ఎక్కువచోట్ల కలవాడేమీ కాదు. చేను లేనివాడో, కాలు చెయ్యి సరిగా లేనివాడో, మగదిక్కు లేని ఆడమనిషో అయి ఉంటారు. సర్పంచికి ఓటరు, తరచు చుట్టం కూడా. రేపు పంచాయతీ ఎన్నికల్లో ఆ ఇంటికి వెళ్లి నాలుగు ఓట్లు అడగాలి. హెడ్మాస్టరు సంగతీ అంతే. ఊరికి బదిలీ మీద వచ్చిన మనిషి, ఊరివాళ్లతో తగవెందుకని ఊరుకుంటారు. జరిమానా చూడబోతే రెండు వందల రూపాయలకు మించదు. ఆ మాత్రానికి వైరం ఎందుకన్న ఆలోచన సహజమే కాని, దాని ఖర్చు పిల్లల ఖాతాలో పడుతున్నది.

2019లో దేశవ్యాప్తంగా బడుల్లో జరిపిన సర్వేలో 13 నుండి 15 ఏళ్ల పిల్లల్లో నూటికి 8.5 మంది ఏదో ఒక రూపంలో పొగాకు వాడుతున్నట్టు తేలింది. బీడీ మొదలుపెట్టిన వయసు చూస్తే సగం మందికి పదిన్నర ఏళ్లే. నమిలే పొగాకుకైతే పదేళ్లు కూడా నిండలేదు. నాలుగో తరగతో అయిదో తరగతో చదివే వయసన్నమాట.

ఇందులో ఇంటివారి పాత్ర తక్కువేమీ కాదు. "ఒరేయ్, పోయి రెండు బీడీలు పట్రా" అని కొడుకునో మనవడినో పంపని ఇల్లు అరుదు. తండ్రి కోసమే అయినా పిల్లవాడి చేతికి ఇస్తే అమ్మినవాడు నేరస్తుడే. కొన్నవాడికి పద్దెనిమిదేళ్లు నిండాయని రుజువు చేయవలసిన బాధ్యత కూడా అమ్మినవాడిదే. 2015 నాటి బాలల న్యాయచట్టం 77వ సెక్షను మరీ కఠినం: పిల్లలకు పొగాకు ఇచ్చినవారికి ఏడేళ్ల వరకు కఠిన శిక్ష, లక్ష రూపాయల వరకు జరిమానా. విడి సిగరెట్ల అమ్మకం మరో తలనొప్పి. ప్యాకెట్టు మీద 85 శాతం మేర హెచ్చరిక బొమ్మ ఉంటుంది. ఒక్కటే కొనే కుర్రవాడి చేతికి ఆ బొమ్మ రాదు.

పొగాకు పండించే జిల్లాలో ఈ మాటలేమిటని అడిగేవారున్నారు. టంగుటూరు, కొండపి వేలం కేంద్రాలకు బేళ్లు తోలే రైతుకు ఈ చట్టంతో పేచీ లేదు. పంట వేయవద్దని ఇది అనదు. పిల్లవాడికి అమ్మవద్దంటుంది, అంతే.

ఒక పల్లె చేసిన పని

ఊరు తలచుకుంటే జరిగే పనేనా అన్న అనుమానానికి నాగాలాండ్‌లో జవాబున్నది. కోహిమా జిల్లాలోని గరిఫెమా అనే పల్లెలో గ్రామ మండలి, అభివృద్ధి బోర్డు, విద్యార్థి సంఘం కలిసి కూర్చుని, పొగాకు అమ్మినా వాడినా జరిమానా అని తీర్మానించుకున్నాయి. 2014 మే 31న అది దేశంలో మొదటి పొగాకు రహిత గ్రామంగా ప్రకటించబడింది. విద్యార్థి సంఘాన్ని కూడా కూర్చోబెట్టుకోవడం గమనించదగిన విషయం. మన గ్రామసభల్లో కుర్రవాళ్లను పిలిచేదెప్పుడు?

అంత దూరం పోలేకున్నా, ముందు తాడు పట్టి కొలవవచ్చు. బడికి వంద గజాల దగ్గర పసుపు గీత గీయాలని కేంద్ర ఆరోగ్యశాఖ మార్గదర్శకాలు చెబుతున్నాయి. పొగాకు అమ్మేవారికి స్థానిక సంస్థల ద్వారా అనుమతి ఇప్పించాలనీ, ఆ కొట్లలో చాక్లెట్లు, బిస్కట్లు, చిప్స్ అమ్మనివ్వరాదనీ 2017లో ఆ శాఖే రాష్ట్రాలకు రాసింది. గీత లోపలి కొట్టును మూసేయనక్కరలేదు. పొగాకు తీసేసి పలకా బలపం, పెన్నులు, తినుబండారాలు అమ్ముకోనివ్వవచ్చు. లేదా మూడు వందల అడుగుల అవతల పంచాయతీయే జాగా చూపవచ్చు. ఆగస్టు 15కో, అక్టోబరు 2కో జరిగే గ్రామసభలో ఎవరైనా లేచి అడిగితే ఇది తీర్మానం పుస్తకానికి ఎక్కుతుంది.

ఇప్పటికే అలవాటు పడి మానలేకపోతున్నవారు, కుర్రవాళ్లయినా పెద్దలయినా, పొగాకు ప్యాకెట్ల మీద అచ్చువేసే 1800-11-2356 నంబరుకు ఖర్చు లేకుండా ఫోను చేసి సలహా పొందవచ్చు.